పేరు చెప్పని ప్రార్థన

1977 నవంబరు పన్నెండో తేదీ, శనివారం. ఆ రాత్రి టోర్మొడ్ ఉడకబెట్టిన బంగాళాదుంపలతో ఉప్పు హెర్రింగు చేప తిన్నాడు. తినడమంటే చేపలో సగం, దుంపల్లో ఒకటి. పక్కింటి గోర్మెలియాకు ఆ తేదీ చాలా ఏళ్ళు గుర్తుండిపోయింది. ఆ చేప ఆమె పీపాలోదే. పళ్ళెంలో పెట్టి కంచె మీదుగా అందించింది కూడా ఆమే. మిగిలిన సగం పిల్లికి పెట్టి, పళ్ళెం కడిగి బోర్లించి, టోర్మొడ్ మర్నాటి పనులకు దిగాడు.

లూయిస్ దీవిలో ఆదివారం నాడు చెయ్యి కదపడానికి రెండే కారణాలు ఒప్పుకుంటారు. ఒకటి అవసరం, రెండోది దయ. తక్కినవన్నీ శనివారం పొద్దుపోయేలోగా తెమిలిపోవాలి. టోర్మొడ్ పొయ్యిలోకి పీటు గడ్డలు, బురదనేలలో కోసి ఎండబెట్టిన మట్టి ఇంధనం, తెచ్చి గోడవార పేర్చాడు. గడ్డం గీసుకున్నాడు. బూట్లకు నల్లరంగు పట్టించాడు. గొర్రెమాంసం ముక్కలు, బార్లీ, ముల్లంగి వేసి ఆదివారానికి కుండెడు చారు కాచి మూత పెట్టాడు. నల్ల పంట్లాం వేసి చూసుకుంటే నడుము దగ్గర పిడికిలి దూరేంత వదులుగా ఉంది. బెల్టును బల్లమీద పరిచి మేకుతో కొత్తగా ఇంకో రంధ్రం పొడిచాడు. పాతవాటి పక్కన అది పచ్చిగా, తెల్లగా కనిపించింది.

ఆదివారం తెల్లవారేసరికి దారంతా మంచు గడ్డకట్టి అద్దంలా ఉంది. టోర్మొడ్ గోడ పట్టుకుని, గడ్డి మీద అడుగులు వేసుకుంటూ చర్చికి చేరి, కింది గదిలో బొగ్గు పొయ్యి రాజేశాడు. అతనికి అరవై ఆరేళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మెడ కొంచెం ముందుకు వంగి ఉంటుంది, మగ్గం మీద కూర్చున్న మెడ. వారంలో ఆరు రోజులూ ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్ని బట్ట నేస్తాడు. ఆదివారం చర్చి పని చూస్తాడు. గంట కొట్టడం, పొయ్యి వెలిగించడం, పాస్టరుగారి ముందు పెద్ద బైబిలు మోసుకెళ్ళి ప్రసంగ వేదిక మీద పెట్టడం, ఆయన మెట్లెక్కి లోపలికి వెళ్ళాక వేదిక చిన్న తలుపు వెనకనుంచి చప్పుడు కాకుండా మూయడం అతని పనులు. జనమంతా వెళ్ళాక పెద్ద తలుపు మూసి తాళం వేస్తాడు. అందుకే ఊళ్ళో అతన్ని తలుపు టోర్మొడ్ అంటారు. ఆ ఊళ్ళో టోర్మొడ్‌లు ఎక్కువ, ఇంటిపేర్లు తక్కువ. పడవ టోర్మొడ్ ఉన్నాడు, ఎర్ర టోర్మొడ్ ఉన్నాడు. యుద్ధంలో నౌకాదళంలో నాలుగేళ్ళు చేసి వచ్చినా ఇతనికి పడవ పేరు రాలేదు.

పొయ్యి అంటుకోగానే వంగినవాడు వంగినట్టే కాసేపు ఉండిపోయాడు. కుడి డొక్క కింద ఆ గట్టి ముద్ద మెలిపెట్టి, మెల్లగా వదిలింది. వదలగానే అతనికి దేవుడి మీద చిన్న కృతజ్ఞత కలిగింది. ఈమధ్య అలాంటి చిన్న కృతజ్ఞతలు అతనికి రోజుకు చాలాసార్లు కలుగుతున్నాయి.

పట్నం డాక్టరు చూసి, ఆలస్యం చేయవద్దన్నాడు. సోమవారం పొద్దున్నే బస్సు, ఆపైన పడవ, ఆపైన సముద్రం అవతల పెద్దాసుపత్రి. బుధవారం ఆపరేషను. ఈ సంగతి అతను ఒక్క పాస్టరుగారికే చెప్పాడు. అదీ శుక్రవారం సాయంత్రం, వానలో, ఆయన గుమ్మం బయట నిలబడి. మెక్వీన్ పాస్టరుగారు కుర్రవాడు, ఈ ఊరికి వచ్చి రెండేళ్ళే అయింది.

"లోపలికి రండి, వానలో తడుస్తున్నారు," అన్నాడాయన.

"వద్దులెండి, బూట్లకి బురదుంది."

"ఆదివారం ప్రార్థనలో తప్పకుండా జ్ఞాపకం చేసుకుంటాను."

"పేరు అదీ ఏమీ చెప్పకండి."

"మనం పేర్లు ఎప్పుడు చెప్పాం?" అని పాస్టరుగారు నవ్వాడు. లోపల టెలిఫోను మోగింది. టోర్మొడ్ టోపీ ముట్టుకుని వచ్చేశాడు.

దారంతా తనను తాను తిట్టుకున్నాడు. బూట్లు విప్పి లోపలికి వెళ్ళి ఉంటే ఆ కుర్రాయన తప్పకుండా మోకరించి ఉండేవాడు. అతనికి కావలసింది అదే. అడగడానికి నోరు రానిదీ అదే. తొమ్మిదేళ్ళ కిందట భార్య రేచెల్ మంచం పట్టినప్పుడు సంఘపెద్ద ఒకాయన రోజూ సాయంత్రం వచ్చేవాడు. చర్చిలో పేర్లు చెప్పరు గానీ మంచం పక్కన చెబుతారు. "ప్రభువా, నీ కూతురు రేచెల్," అని ఆయన అనగానే దుప్పటి మీద ఆమె వేళ్ళు విచ్చుకునేవి. నొప్పి తగ్గేది కాదు. కానీ వేళ్ళు విచ్చుకునేవి. తన భార్య పేరు ఒక మనిషి నోటినుంచి పైకి వెళ్ళడం టోర్మొడ్ తలుపు దగ్గర నిలబడి వినేవాడు. ఆ పెద్దాయన పోయాడు. రేచెల్ అంతకుముందే పోయింది. పిల్లలు లేరు. సోమవారం లోగా ఎవరో ఒకరు తన పేరు అలా ఒక్కసారి అంటే, ఆ పడవ ఎక్కడం ఏమంత కష్టం కాదనిపించింది అతనికి.

తన పేరు తనే చెప్పుకుని ప్రార్థించవచ్చు. అతను ప్రయత్నించాడు కూడా. కానీ అతను ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారానికి, రాని మనిషి. ఆ దీవిలో అలాంటివాళ్ళు చాలామంది. జీవితమంతా చర్చికి వస్తారు, బల్ల దగ్గర కూర్చునేంత యోగ్యత తమకు ఇంకా రాలేదని వెనకే ఉండిపోతారు. టోర్మొడ్ ముప్పై ఏళ్ళుగా ఏడాదికి రెండుసార్లు ఆ బల్ల మీద తెల్లగుడ్డ ముడత లేకుండా పరుస్తున్నాడు. అక్కడ ఒక్కసారీ కూర్చోలేదు. నలుగురిలో గొంతెత్తి ప్రార్థించమని అతన్ని ఎవరూ అడగలేదు, అడగరు కూడా. ఒంటరిగా ప్రార్థించబోతే, దేవుడి ఇంట్లో పనివాడు పని మానేసి యజమాని కుర్చీ దగ్గర తచ్చాడినట్టు అనిపించేది.

పదకొండున్నరకు గంట కొట్టాడు. బైబిలు ఎత్తుకున్నాడు. వేదిక మెట్లు పన్నెండు. ఆరో మెట్టు మీద కొంచెం ఆగాడు. వెనక పాస్టరుగారు కూడా ఆగాడు. బైబిలు దిండు మీద పెట్టి, మంచినీళ్ళ గ్లాసు పక్కన ఒక పిప్పరమెంటు బిళ్ళ ఉంచాడు. పాస్టరు ఎవరైనా సరే, ప్రసంగం మధ్యలో గొంతు ఆరితే పనికొస్తుందని ఎప్పుడూ ఉంచుతాడు. ఆయన లోపలికి వెళ్ళాక చిన్న తలుపు మూసి, కిందికి దిగి, పెద్ద తలుపు పక్కనే ఉన్న ఆఖరి బల్ల చివర కూర్చున్నాడు. ముందున్న సన్నటి చెక్క మీద ఇంకో రెండు బిళ్ళలు పెట్టాడు. ఒకటి తనకు, రెండోది ఆలస్యంగా వచ్చి దగ్గే మనిషికి.

కీర్తన ఎత్తుకునే ఆయన ఒక చరణం ఒంటరిగా అన్నాడు. జనం దాన్ని అందుకుని, ఎవరి దారిన వాళ్ళు సాగదీసి, మెలితిప్పి, మళ్ళీ ఒక్కచోటికి తెచ్చారు. తర్వాత ప్రార్థన. ఆ ఊళ్ళో కూర్చుని పాడతారు, నిలబడి ప్రార్థిస్తారు. టోర్మొడ్ ముందు బల్ల పట్టుకుని లేచాడు. ప్రార్థన పొడుగుగా సాగింది. సముద్రం మీద ఉన్నవాళ్ళు అయ్యారు, బడిపిల్లలు అయ్యారు. అప్పుడు పాస్టరుగారి గొంతు కొంచెం తగ్గింది.

"ప్రభువా, మాలో ఒక ప్రాణం రోగంతో నలుగుతున్నది. అది ఒంటరి గడప. ముందున్న దారి నీకే తెలుసు. ఆ గడప దగ్గర నీవు నిలబడు."

టోర్మొడ్ కళ్ళు మూసుకున్నాడు. ఇదే. ఇప్పుడు వీళ్ళందరికీ తెలుస్తుంది. అతని చెవులు వేడెక్కాయి. సిగ్గు, సంతోషం రెండూ ఒకేసారి వచ్చాయి.

కళ్ళు తెరిచి చూసేసరికి ముందున్న భుజాలన్నీ కాస్త ఎడమవైపు తిరిగి ఉన్నాయి. ప్రార్థన మధ్యలో ఎవరూ తల తిప్పరు. కానీ ఆఖరి బల్లనుంచి ముప్పై ఏళ్ళుగా ఆ వీపులను చూస్తున్న మనిషికి భుజాలు చాలు. ఎడమవైపు మూడో వరసలో గోర్మెలియా చోటు ఖాళీగా ఉంది. రేచెల్‌కు పినతల్లి కూతురు, విధవ, ఒంటరి మనిషి. జలుబు చేసినా, జల్లు కురిసినా చర్చి మానని గోర్మెలియా ఇవాళ రాలేదు.

ఆరాధన అయ్యాక బయట, గాలి తగలకుండా గోడ చాటున నిలబడి ఊరంతా ఆ మాటే. సంఘపెద్ద ఫిన్లే భార్య కేటీ ఆన్ తిన్నగా టోర్మొడ్ మీదికే వచ్చింది.

"ఏమయ్యా, పక్కింట్లోనే కదా ఉంటావు. గోర్మెలియాకి అంత మీదికొస్తే మాకొక ముక్క చెప్పొద్దూ?"

"నిన్న సాయంత్రం బాగానే ఉందే. చేప కూడా ఇచ్చింది."

"ఆఖరి చేప ఇచ్చుకుంది పిచ్చితల్లి. నువ్వు తినేసి పడుకున్నావు."

"మనల్నంటే ఏం లాభంలే," అన్నాడు ఫిన్లే టోపీ సర్దుకుంటూ. "పక్కింటి గోడ నెత్తిన పడేదాకా అక్కడో గోడ ఉందని మగాళ్ళకి తెలీదు."

జనం నవ్వీ నవ్వనట్టు నవ్వారు. అది గోర్మెలియా కాదు, నేను. ఇంతే అనాలి. టోర్మొడ్ నోరు తెరిచాడు కూడా. కానీ కేటీ ఆన్ కళ్ళలో అప్పటికే నీళ్ళు నిండాయి. ఆ నీళ్ళు తనవేనని చెప్పి తీసుకోవడం ఎలాగో అతనికి తెలియలేదు. నోటిదాకా వచ్చిన మాట పిప్పరమెంటు బిళ్ళతో పాటు కరిగి లోపలికి పోయింది.

"నేనూ చూసొస్తాలే," అన్నాడు.

ఇంటికి వెళ్ళి పొయ్యి ముందు కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తే గోర్మెలియా ఇంటికి జనం వరసకట్టారు. గుడ్డ కప్పిన గిన్నెలు వెళ్ళాయి. సుద్దగడ్డలాంటి తెల్లటి రొట్టెలు బుట్టలో వెళ్ళాయి. నల్లకోటు వేసుకుని ఫిన్లే వెళ్ళి చాలాసేపటికి బయటికొచ్చాడు. వచ్చినవాళ్ళు టోర్మొడ్ వాకిలి ముందునుంచే తిరిగి వెళ్ళారు. ఒకరిద్దరు చెయ్యి ఊపారు. తన వాకిలి దాటి తనకోసం వచ్చిన దయ పక్కింటికి వెళుతుంటే చూస్తూ కూర్చోవడం వింతగా ఉంది. కోపం రాలేదు. చలి వేసింది. పీటు గడ్డ ఇంకోటి వేశాడు. దాని వాసన గది నిండింది. అది కూడా ఒక మేలే అనుకున్నాడు.

పొద్దు వాలుతుండగా లేచి, నిన్న కాచిన చారు కుండ గుడ్డలో చుట్టుకుని కంచె దాటాడు. ఊరంతా వెళ్ళాక పక్కింటివాడు వెళ్ళకపోతే బాగుండదు.

గోర్మెలియా పొయ్యి పక్క కుర్చీలో, తుంటి కింద దిండు పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. గుండ్రటి మొహం, కోపంతో ఎర్రగా ఉంది. బల్ల మీద గిన్నెలు మోచేయి పెట్టేందుకు చోటు లేకుండా నిండి ఉన్నాయి.

"రా బావా. నువ్వూ చారే తెచ్చావా? అక్కడ ఎక్కడైనా ఇరికించు. ఇంకో రెండు గిన్నెలొస్తే ఈ చారులో పడవ తేలుతుంది."

"ఎలా ఉంది నీకు?"

"నాకేమైంది? పొద్దున దారి చూశావుగా. నా తుంటితో ఆ మంచు మీద నడిస్తే చర్చికి కాదు, తిన్నగా శ్మశానానికే వెళ్ళేదాన్ని. అందుకని ఇంట్లో కూర్చున్నా. ఇంతలో కేటీ ఆన్ ఊడిపడింది. ధైర్యంగా ఉండవే అంటుంది. దేనికే అంటే చెప్పదు, ముక్కు చీదుతుంది. ఆ తర్వాత ఫిన్లే. నన్ను లేవనివ్వకుండా తనే నిలబడి అరగంట ప్రార్థన. బావా, నన్ను పరలోకం గుమ్మం దాకా దిగబెట్టి వచ్చాడనుకో. ఆమేన్ అన్నాక, నాకేం జబ్బురా నాయనా అని అడిగాను. దాచుకోకు అక్కా, అంటాడు నా చెయ్యి నొక్కి."

టోర్మొడ్‌కు నవ్వు వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు కనుక ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వు తిన్నగా డొక్కలోకి దిగి గుచ్చుకుంది. చెయ్యి అక్కడికి వెళ్ళింది. బల్ల అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, అది వదిలేదాకా నిలబడ్డాడు.

తలెత్తేసరికి గోర్మెలియా నవ్వడం లేదు. ముందు అతని చేతిని, తర్వాత బెల్టును, దాని మీది కొత్త రంధ్రాన్ని చూసింది.

"పాస్టరుగారు ఏమన్నాడు పొద్దున? సరిగ్గా చెప్పు."

"ఒక ప్రాణం అన్నాడు. ఒంటరి గడప అన్నాడు."

"ఈ కొసన ఒంటరి గడపలు రెండే బావా. నేను చావడం లేదు."

టోర్మొడ్ చారు కుండ వైపు చూశాడు.

"నీ మగ్గం పలికి మూడు వారాలైంది," అంది ఆమె. గొంతు తగ్గింది. "మిల్లునుంచి నూలు రాలేదన్నావు. నూలు లారీ పోయిన మంగళవారం నా గుమ్మం ముందునుంచే వెళ్ళింది, నీ మూటలు దింపి మరీ వెళ్ళింది. నేను చూశాను. అడుగుదామనుకుని ఊరుకున్నాను. మగ్గం చప్పుడు లేకపోతే నాకు మధ్యాహ్నం నిద్ర పట్టదు, తెలుసా?"

"రేపు పొద్దున బస్సుకి వెళుతున్నాను. బుధవారం కోస్తారట."

"కూడా ఎవరు?"

"ఎవరుంటారు?"

"నోరుందా నీకు? పక్కింట్లో మనిషిని చచ్చాననుకున్నావా?"

"ఏమని చెప్పను గోర్మెలియా. నేను బల్లకొచ్చినవాణ్ణి కాదు. నాకోసం ప్రార్థన చెయ్యండని ఏ మొహంతో అడగను?"

"బల్ల మీద గుడ్డ పరిచింది ఎవరి చేతులు?" అని ఆమె కసిరింది. గిన్నెల వైపు చూసింది. "అయితే ఇవన్నీ నీవి. ఫిన్లే ప్రార్థనా నీదే. నేను తేరగా కూర్చుని నీ వంతు మింగేశాను. ఎంత పనైంది."

ఆమె కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది.

"ఎక్కడికి? తుంటి నొప్పి పెడుతుంది, కూర్చో."

"ప్రార్థనకి ఎవరైనా కూర్చుంటారా?"

ఆ ఊళ్ళో ఆడవాళ్ళు నలుగురిలో గొంతెత్తి ప్రార్థించరు. మగవాడి ముందు గోర్మెలియా ఎప్పుడూ చేయలేదు, మొగుడు బతికుండగా కూడా. అతని మొహంలో అది చదివినట్టుంది.

"నలుగురేరీ ఇక్కడ? నువ్వూ నేనూ. ఆ పిల్లి కూడా నీదే, చేప వాసనకొచ్చింది."

ఆమె కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. అతను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. పొయ్యి మీద నీళ్ళ గిన్నె మూత చిన్నగా కొట్టుకుంటోంది. గోర్మెలియా కళ్ళు మూసుకుని, ఎవరినో నిలదీస్తున్నట్టు మొదలుపెట్టింది.

"ప్రభువా, ఈయన టోర్మొడ్. పొద్దున పాస్టరుగారు చెప్పిన మనిషి ఈయనే, నేను కాదు. మా వాళ్ళు గడప మారారు, నువ్వు మారకు. టోర్మొడ్‌కి భయంగా ఉంది. తను చెప్పడు, నీకు తెలుసు. ముప్పై ఏళ్ళనుంచి నీ ఇంట్లో చలికాలం ఎవరి కాళ్ళూ కొంకర్లు పోకుండా చూశాడు. మా రేచెల్‌ని ఆఖరిదాకా చేతుల మీద చూసుకున్నాడు. ఆ పడవలో టోర్మొడ్‌ని ఒక్కణ్ణీ వదలకు. డాక్టరు చెయ్యి వణక్కుండా చూడు. వీలైతే టోర్మొడ్‌ని మాకు తిరిగి పంపు. చప్పుడు కాకుండా తలుపు వేసేవాడు ఈ ఊళ్ళో ఇంకొకడు లేడు. వీలుకాకపోతే..."

ఆమె ఆగింది. గిన్నె మూత కొట్టుకుంటూనే ఉంది.

"వీలుకాకపోతే, నువ్వే లేచి తలుపు తియ్యి. ఆమేన్."

టోర్మొడ్ తన చేతుల వైపు చూసుకున్నాడు. బల్ల అంచును బిగించి పట్టుకున్న వేళ్ళు ఎప్పుడో వదులయ్యాయి. బల్ల మీద అవి విచ్చుకుని ఉన్నాయి.

"కూర్చో ఇంక," అంది గోర్మెలియా ముక్కు తుడుచుకుని. "కేటీ ఆన్ చారులో ఉప్పుండదు, పిల్లికి పెడదాం. ఇది తిను."

ఏ గిన్నెలోదో అడగకుండా తిన్నాడు. వేడిగా దిగింది. దిగింది దిగినట్టే నిలిచింది. ఇంకో గరిటె పోయించుకున్నాడు. కిటికీ బయట పూర్తిగా చీకటి పడింది. ఒకసారి ఆమె, "అక్కడ టీ నీళ్ళలా ఇస్తారట, నర్సుని గట్టిగా అడుగు," అంది. అతను సరేనన్నాడు. లేచేటప్పుడు జేబులోంచి చర్చి తాళంచెవి తీసి చూపించాడు.

"రాత్రి ఆరాధన అయ్యాక ఇది నీకిస్తాను. బుధవారం ప్రార్థన కూటానికి పొయ్యి రాజెయ్యాలి. ఎవరికైనా ఇయ్యి."

"నేను రాజేస్తాలే."

"నీ తుంటితో ఆ మెట్లు..."

"మంచు కరిగితే కరుగుతుంది, లేకపోతే గడ్డి మీద నడుస్తాను. మసి నీకొక్కడికే అంటుతుందా?"

"ఊళ్ళో వాళ్ళకి చెప్పనా, జబ్బు నీది కాదని?"

"నువ్వెళ్ళాక నేను చెబుతా. ముందు చెప్పావంటే ఈ గిన్నెలన్నీ మోసుకుని నీ ఇంటికొస్తారు, నిన్ను నిద్రపోనివ్వరు. ఈ రాత్రికి నా చావు నన్ను చావనియ్యి."

ఆ రాత్రి ఆరాధనలో టోర్మొడ్ బైబిలు మోసుకుని ఆగకుండా మెట్లెక్కాడు. వేదిక తలుపు మూసేటప్పుడు పాస్టరుగారు వెనక్కి తిరిగి, ఏదో అనబోయి, తల మాత్రం వంచాడు. టోర్మొడ్ కూడా వంచాడు. అందరూ వెళ్ళాక కీర్తనల పుస్తకాలు సర్దాడు, పొయ్యి బూడిద తోశాడు. ఎప్పుడూ చేసినట్టే బుధవారానికని ఆఖరి బల్ల ముందు చెక్క మీద పిప్పరమెంటు బిళ్ళ పెట్టి, పెద్ద తలుపు లాగి తాళం వేశాడు.

సోమవారం బస్సు చీకటితోనే వచ్చింది. గోర్మెలియా శాలువా కప్పుకుని తన గుమ్మంలో దీపం వెలుగులో నిలబడింది. చెయ్యి ఊపలేదు. బస్సు మలుపు తిరిగేదాకా తలుపు మాత్రం వేయలేదు. అతని ఒళ్ళో రొట్టె, ఉడకబెట్టిన గుడ్డు మూటగట్టి ఉన్నాయి. సగం దారిలో అతను ఆ మూట విప్పాడని, పక్క సీట్లో కూర్చున్నామెతో వాతావరణం గురించి మాట్లాడాడని, భయపడ్డట్టు కనిపించలేదని డ్రైవరు తర్వాత చెప్పాడు.

బుధవారం మధ్యాహ్నం పాస్టరుగారి ఇంట్లో టెలిఫోను మోగింది. ఆపరేషను బల్ల మీదనుంచి తెచ్చాక టోర్మొడ్ మళ్ళీ కళ్ళు తెరవలేదు.

గోర్మెలియా అప్పటికి చర్చి కింది గదిలో ఉంది. పాస్టరుగారు స్వయంగా మెట్లు దిగి వచ్చి చెప్పాడు. ఆమె చేతిలోని బొగ్గు పార అలాగే పట్టుకుని విన్నది. "పొయ్యి ఇంకా సరిగ్గా అంటుకోలేదు," అని మాత్రం అంది. ఆయన పక్కనే నిలబడి అది అంటుకునేదాకా ఉన్నాడు.

ఆ రాత్రి కూటానికి ఊరంతా వచ్చింది. ఎవరికోసం ప్రార్థించి ఉండాల్సిందో సోమవారమే అందరికీ తెలిసిపోయింది. ఫిన్లే తల ఎత్తలేదు. గోర్మెలియా తన మూడో వరసకు వెళ్ళలేదు. తాళంచెవి తన దగ్గరే ఉంది కనుక తలుపు పక్కన ఆఖరి బల్ల చివర కూర్చుంది. చెంప మీద మసి ఉంది. ఎవరూ చెప్పలేదు.

అందరూ నిలబడ్డారు. చనిపోయినవాళ్ళ కోసం ఆ సంఘంలో ప్రార్థించరు. వాళ్ళు ప్రార్థన దాటి వెళ్ళినవాళ్ళు. కనుక టోర్మొడ్ మాట రాదని గోర్మెలియాకు తెలుసు. బతికుండగా చర్చిలో పేరు చెప్పరు, పోయాక ప్రార్థనే ఉండదు. ఆ పేరు ఇక తన వంటింట్లో ఒక్కచోటే మిగిలింది. అంతలో పాస్టరుగారి గొంతు తగ్గింది.

"ప్రభువా, మాలో ఒక ప్రాణం ఈ రాత్రి దుఃఖంలో ఉన్నది. ఒంటరి గడపకు తిరిగి వెళుతుంది. ఆ గడప దగ్గర నీవు నిలబడు."

ఎవరిదా దుఃఖం, అని గోర్మెలియా ఒక్క క్షణం ఆలోచించింది. అతనికి అన్నదమ్ములు లేరు, పిల్లలు లేరు. తలెత్తి చూసింది. చర్చిలో ఉన్న భుజాలన్నీ, ఒక్కటి కూడా తప్పకుండా, వెనక్కి, ఆఖరి బల్ల వైపు కాస్త ఒరిగి ఉన్నాయి. అప్పుడు ఆమె ముందు బల్ల పట్టుకుంది.

వెళ్ళేటప్పుడు కేటీ ఆన్ ఆమె దగ్గర ఆగింది. "చారు పెట్టి వచ్చానే పొయ్యి మీద. తాళమేసి రా, మీ ఇంట్లో ఉంటాం."

"ఈసారైనా ఉప్పేశావా?"

"వేశాలే," అంది కేటీ ఆన్, కళ్ళు తుడుచుకుంటూ.

అడుగుల చప్పుడు దూరమైంది. గోర్మెలియా కీర్తనల పుస్తకాలు సర్దింది. కింద పొయ్యి బూడిద తోసి వచ్చింది. దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతూ ఆఖరి బల్ల దాకా వచ్చేసరికి, ముందు చెక్క మీద ఇందాక తను గమనించని పిప్పరమెంటు బిళ్ళ తెల్లగా కనిపించింది. చేతిలోకి తీసుకుంది. కాసేపు పట్టుకుని, మళ్ళీ ఉన్నచోటే పెట్టింది. ఆఖరి దీపం ఆర్పి, అతను ఎలా లాగేవాడో గుర్తు తెచ్చుకుంటూ, చప్పుడు కాకుండా పెద్ద తలుపు మూసింది. లోపల చీకట్లో, ఆలస్యంగా వచ్చే మనిషి కోసం, ఆ బిళ్ళ అక్కడే ఉండిపోయింది.